నలభై రోజుల ముడి

ఆ రేవులో పడవవాడు ఎవరైనా తాడు విప్పలేక కత్తి కోసం వెతుక్కుంటున్నాడంటే, ఆ ముడి ఎవరు వేశారని అడగనక్కర్లేదు. పెద్దమ్మ వేసిందే. ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, కాగితాల మీద తప్ప అది ఎక్కడా కనబడేది కాదు. రేవంతా ఆమెను ఉడుంపట్టు పెద్దమ్మ అనేది. ఎదురుపడితే మాత్రం అందరూ మొదటి సగం మింగేసి, మర్యాదగా 'పెద్దమ్మా' అని ఊరుకునేవాళ్లు.

వలలు అల్లడం, చిరిగినవి బాగు చెయ్యడం ఆమె పని. తండ్రి నేర్పాడు. ఆయన నేర్పే పద్ధతి చూసి, ఈ రోజుల్లో అయితే ఇరుగుపొరుగు పోలీసులకు చెప్పేవాళ్లు. ఏడేళ్ల పిల్ల వేసిన ప్రతి ముడికీ రాళ్లు నింపిన బకెట్టు వేలాడదీసి, తీరిగ్గా టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, అప్పుడొచ్చి చూసేవాడు. ముడి వెంట్రుకవాసి జారినా కోసి పారేసి, మళ్లీ మొదటినుంచి వెయ్యమనేవాడు. దారాన్ని నాలుకమీద తడిపి, ముడి వేసి, కొసను పళ్లతో పట్టి లాగడం ఆయన రహస్యం. పెద్దమ్మ ముందుపళ్లలో ఒకదానికి సన్నటి గాడి ఉండేది. అది అన్నం తిన్న గుర్తు కాదు, యాభై ఏళ్లు దారం లాగిన గుర్తు.

ఇంట్లోనూ అంతే. ఆమె కట్టిన పంచదార సంచిని కత్తెర లేకుండా విప్పిన మనిషి పుట్టలేదు. కూతురికి చిన్నప్పుడు జడ వేస్తే, ఆ పిల్ల సాయంత్రందాకా కనుబొమలు పైకెత్తుకునే తిరిగేది, లోకంలో ప్రతిదానికీ ఆశ్చర్యపోతున్నట్టు. "నా చేతి ముడి ఇంతవరకు ఒక్కటీ ఊడలేదు" అని పెద్దమ్మ రోజుకొక్కసారైనా అనేది. గొప్పకు అన్నమాట కాదు, నిజంగానే ఊడలేదు.

ఆమె ఆడపడుచు సంగతి వేరు. భర్త చెల్లెలు, చిన్ననాటినుంచి అదే ఇంట్లో ఉంది. పెద్దమ్మ భర్త పోయి, కూతురు అత్తవారింటికి వెళ్లాక ఆ ఇంట్లో మిగిలింది వీళ్లిద్దరే. ఆమెనూ రేవు ఊరికే వదల్లేదు, జారుముడి చిన్నమ్మ అని పేరు పెట్టింది. ఆమె ఆరేసిన బట్టలు గాలికి ముందే కింద పడేవి. ఆమె మూట కట్టుకుని బజారుకు వెళితే, వెళ్లిన దారి పొడుగునా ఉల్లిపాయలు ఏరుకుంటూ ఇంటికి రావచ్చు. పెద్దమ్మ పక్కన కూర్చుని ముప్పై ఏళ్లు వలలు బాగుచేసినా ఆ చెయ్యి బిగువెక్కలేదు. పెద్దమ్మ రోజూ సాయంత్రం ఆడపడుచు వేసిన ముడులు వెతికి పట్టి మళ్లీ వేసేది, పళ్లు నూరుకుంటూ. చిన్నమ్మ నవ్వేసి ఊరుకునేది. కోపం అనేదాన్ని కూడా ఆమె ఎక్కువసేపు పట్టుకోలేదు, జారిపోయేది.

ఆ తర్వాత మిషన్లు అల్లిన వలలు వచ్చాయి. చిరిగితే బాగుచేసే పని లేదు, పారేసి కొత్తది తెచ్చుకోవడమే. వలల షెడ్డులో పదిమంది కూర్చునే చోట చివరికి ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరికీ కూడా పని అంతంతమాత్రం. అలాంటి రోజుల్లో గడ్డి డాక్టరమ్మ వచ్చింది.

ఆమె మనుషుల డాక్టరు కాదు. సముద్రపు గడ్డి మీద పెద్ద చదువు చదివింది. రేవు పక్కన మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో రెండు గదులు తీసుకుని, నీళ్ల తొట్లు పెట్టుకుంది. మొదటిరోజు షెడ్డులోకి వచ్చి, తడిగుడ్డలో చుట్టిన ఒక మొక్కను బల్లమీద పెట్టింది. రిబ్బన్లలాంటి ఆకులు నాలుగైదు, కింద వేలు పొడుగున అడ్డంగా పాకిన కాడ, దానికి తెల్లటి వేళ్లు. వాసన చూసిన పెద్దమ్మ తల ఒక్కసారిగా పైకెత్తింది. అది ఆమె చిన్ననాటి పరుపు వాసన.

ఆ రోజుల్లో రేవులో దూది పరుపులు ఎవరికున్నాయి? గాలివాన వెలిశాక ఒడ్డుకు నడుమెత్తు గుట్టలుగా ఈ ఆకులు కొట్టుకొచ్చేవి. వాటిని ఎండబెట్టి, సంచుల్లో కూరి, వాటిమీదే పడుకునేవాళ్లు. నల్లి పట్టేది కాదు, చెమ్మ ఎక్కేది కాదు. ఆ తర్వాత ఎప్పుడో గుట్టలు రావడం మానేశాయి, జనం స్పాంజి పరుపులకు మారారు. ఎందుకు మానేశాయని ఎవరూ అడగలేదు. పెద్దమ్మా అడగలేదు. పెళ్లయ్యేదాకా ఆ గడ్డిమీద పడుకుని, అది ఎక్కడ పెరుగుతుందో కూడా తెలియకుండా ఇన్నేళ్లు బతికానా అని ఆమెకు ఆరోజు మొదటిసారి అనిపించింది.

డాక్టరమ్మ చెప్పింది. రేవుకు ఎదురుగా, రెండు నిలువుల లోతున, ఒకప్పుడు ఒక పెద్ద మైదానమంత గడ్డి ఉండేది. నాచు కాదు. వేరున్న, ఆకున్న, పూవున్న మొక్క. పడవలు అక్కడే లంగరు వేసేవి. లంగరు గోరు దిగినచోట గడ్డి లేచిపోయేది. గాలి మళ్లినప్పుడల్లా గొలుసు నేలమీద గుండ్రంగా ఈడ్చుకుపోయి చుట్టూ ఉన్నదంతా గీకేసేది. అలా ఏళ్ల తరబడి గీకగా, ఇప్పుడు మధ్యలో బోడి ఇసుక, అంచుల్లో కొంచెం గడ్డి మిగిలాయి. గాలివానకు తెగి కొట్టుకొచ్చిన పిలకలను ఏరి, ఇనుప చట్రాలకు కట్టి, ఆ బోడి ఇసుకమీద దించితే వేళ్లు పట్టుకుంటాయి. వరినాట్లు వేసినట్టే. కానీ ఒక్కో చట్రానికి యాభై పిలకలు కట్టాలి, నీళ్ల ఊపుకు ఒక్కటీ ఊడకూడదు.

ఊడకూడదు అన్న మాట విని చిన్నమ్మ వదినవైపు చూసింది. పెద్దమ్మ అప్పటికే దారం నాలుకమీద పెట్టింది.

గడువు కూడా డాక్టరమ్మే చెప్పింది. రేవు కమిటీ ఆ మేరలో లంగర్లు ఆపి, పడవలు కట్టుకోవడానికి తేలే పీపాలు వేయించింది. అది మూడు వేసవులకే. మూడో వేసవి చివర కమిటీ వచ్చి చూస్తుంది. గడ్డి నిలబడితే పీపాలు ఉంటాయి. నిలబడకపోతే పీపాలు తీసేస్తారు, లంగర్లు మళ్లీ దిగుతాయి. అప్పుడు అంచుల్లో మిగిలిన ఆ కాస్తా పోతుంది.

ఆ సాయంత్రం డాక్టరమ్మ ఒక పిలకను భూతద్దం కింద పెట్టి పెద్దమ్మను చూడమంది. ఆకు మడతలో గోరు మీది తెల్లచుక్కంత వస్తువొకటి ఉంది. పూవట. రేకుల్లేవు, రంగు లేదు. చూసేవాళ్లు ఎవరున్నారని అక్కడ రంగు? దాని పుప్పొడి పొడిలా ఉండదట, సన్నటి దారాల్లా ఉంటుందట. ఆ దారాలు నీళ్లలో తేలుతూ పోయి ఇంకో పూవుకు చుట్టుకుంటాయట. ఒక్క తల్లి మొక్క నేలలో పాకుతూ పాకుతూ వందల ఏళ్లు బతకగలదట, ఈ రేవు కన్నా ముందునుంచీ.

పెద్దమ్మ భూతద్దం వదల్లేదు. దారం అంటే తనకు తెలియనిది లేదనుకున్న మనిషి ఆమె. తను రోజూ చూస్తున్న నీళ్ల కింద, ఎవరూ నేర్పకుండా, బకెట్టు వేలాడదీయకుండా, దారాలు వాటంతటవే పోయి చుట్టుకుంటున్నాయి. ఆ రాత్రి భోజనం దగ్గర ఆమె చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. వదినకు జ్వరమేమోనని చిన్నమ్మ నుదురు ముట్టి చూసింది.

మొదటి వేసవిలో ఇద్దరూ చెరి పన్నెండు చట్రాలు కట్టారు. ఎవరివి ఎలా నిలుస్తాయో తెలియాలని పెద్దమ్మ చట్రాలకు ఎర్రదారం, చిన్నమ్మ చట్రాలకు నీలిదారం గుర్తు పెట్టింది డాక్టరమ్మ. పెద్దమ్మ వాడింది నైలాను, వలలకు వాడేదే. చిన్నమ్మకు నైలాను గుచ్చుకుంటుంది, అందుకని పాత నూలు దారం ముక్కలేవో ఏరుకుని కట్టింది. పెద్దమ్మ ఆ చట్రాలను కూడా మళ్లీ కట్టబోయింది గానీ డాక్టరమ్మ ఆపింది. ఎవరి చేతివి వాళ్లవే ఉండాలి, లేకపోతే పరీక్ష ఎలా అవుతుందని.

చట్రాలు నీళ్లలో దించేది పెద్దమ్మ అల్లుడు. రేవు గోడలకు, పడవల అడుగులకు నీళ్లలో మునిగి రిపేర్లు చేసేవాడు. మంచివాడు, నోట్లో నాలుక లేనివాడు. అత్తగారంటే భయం కాదు, గౌరవం. ఆమె కూడా పెళ్లయిన పదేళ్లలో 'అల్లుడుగారూ' అని తప్ప ఇంకోలా పిలిచి ఎరగదు. డాక్టరమ్మకు చెవిపొర దెబ్బతిని, మునగకూడదని వైద్యులు చెప్పడంతో ఆ మూడు వేసవులూ కింద ఏముందో చూసి వచ్చి చెప్పే కళ్లు ఈ అల్లుడివే. పైనుంచి, అడుగున గాజు బిగించిన పెట్టెలోంచి చూస్తే పచ్చదనం అక్కడక్కడా కనిపిస్తుంది గానీ, దారం రంగు కనిపించదు.

వేసవి ముగిశాక అల్లుడు లెక్క చూడ్డానికి మునిగాడు. చేతిలో పలక, దానిమీద ఎరుపని ఒక గీత, నీలమని ఒక గీత. అరగంటకు పైకి వచ్చేసరికి గట్టుమీద సగం రేవు నిలబడి ఉంది. ముందు వరసలో పెద్దమ్మ, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఎర్రవి ఎలా ఉన్నాయి అల్లుడుగారూ?"

ఆయన మొహం తుడుచుకున్నాడు. నీళ్లు నమిలాడు, ఉప్పునీళ్లే అయినా. "బాగున్నాయి అత్తయ్యా" అన్నాడు.

నోరు ఒక దారి పట్టాక పలక దాని వెనకాలే నడిచింది. డాక్టరమ్మ పుస్తకంలో ఎర్రవి పన్నెండులో తొమ్మిది బతికినట్టు, నీలివి ఒక్కటే బతికినట్టు ఎక్కింది. చిన్నమ్మ చేతులు చూసుకుని నవ్వి, తనకు తెలుసని అంది. ఆ రోజు పెద్దమ్మ నెత్తిన పాలు పోసినట్టయింది.

రెండో వేసవిలో ఏమవుతుంది మరి? డాక్టరమ్మ చట్రాలు అరవైకి పెంచింది. అన్నీ పెద్దమ్మ ముడితో, పెద్దమ్మ నైలానుతో. ఇంకో నలుగురు ఆడవాళ్లు వచ్చారు, పెద్దమ్మ వాళ్లకు నేర్పింది. చిన్నమ్మను పక్కన కూర్చోబెట్టి, తడపడం, లాగడం మళ్లీ మొదటినుంచి చెప్పింది. బకెట్టు కూడా తెప్పించింది. చిన్నమ్మ వేళ్లు కాయలు కాచాయి. ముప్పై ఏళ్లకు ఆమె చెయ్యి బిగువెక్కింది. వదిన మొహం చూసి ఆమె కూడా సంతోషపడింది.

అరవై చట్రాల్లో మూడు బతికాయి.

డాక్టరమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. తొట్లలో నీళ్లు తీసేసింది. పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దడం మొదలుపెట్టింది. మూడో వేసవి ఒకటి ఉంది గానీ, ఎందుకు చచ్చాయో తెలియకుండా మళ్లీ మూడు వేల పిలకలు తెచ్చి చంపడానికి తనకు చేతులు రావని చెప్పింది. ఉప్పు ఎక్కువైందేమో, ఇసుకలో ఏదైనా ఉందేమోనని అన్నీ చూసింది. ముడిని మాత్రం అనుమానించలేదు. ముడి బాగుందని పుస్తకంలో ఉంది కదా.

పెద్దమ్మ అన్నం మానేసింది. తన చేతిముడి ఒక్కటీ ఊడలేదు, అల్లుడే చెప్పాడు. అన్నీ బిగువుగానే ఉన్నాయట. మరి గడ్డి ఎందుకు చచ్చింది? వారం రోజులు ఆమె షెడ్డులో ఒట్టి చేతులతో కూర్చుంది. అత్తగారు ఒట్టి చేతులతో కూర్చోవడం అల్లుడు అంతకుముందు ఎన్నడూ చూడలేదు. మింగలేక కక్కలేక ఏడు రోజులు తిరిగి, ఎనిమిదోరోజు మధ్యాహ్నం షెడ్డులోకి వచ్చి, ఒక చట్రాన్ని ఆమె ముందు నేలమీద పెట్టాడు. మొదటి వేసవిది, ఎర్రదారం గుర్తుది.

"అత్తయ్యా, ఆ రోజు నేను తిరగేసి చెప్పాను. బతికినవి నీలివి. ఎర్రవి ఒక్కటే బతికింది."

పెద్దమ్మ ఆయన్ని చూసింది. చిన్నమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

"అందరి ముందూ మిమ్మల్ని తగ్గించి చెప్పబుద్ధి కాలేదు. గడ్డే కదా, ఏ దారంది బతికితే ఏంటనుకున్నా. ఈ ఏడు అన్నీ మీలా కడతారని అనుకోలేదు. కడుతుంటే చూసి కూడా నోరు రాలేదు."

ఇక్కడ నాకు ఆ అల్లుడిమీద ఒళ్లు మండుతుంది, చెప్పకుండా ఉండలేను. మూడు వేల ప్రాణాలు ఆ మర్యాద కింద పడి పోయాయి. కానీ ఆయన స్థానంలో, ఆ గట్టుమీద, ఆ మొహం ముందు, నేనైతే ఏమనేవాణ్నో నాకూ తెలియదు.

పెద్దమ్మ కేకలెయ్యలేదు. చట్రాన్ని ఒళ్లోకి తీసుకుంది. ఇనుపకడ్డీకి ఒక చచ్చిన కాడ ఇంకా కట్టే ఉంది. తన ముడే. రెండు వేసవులు సముద్రంలో ఉండి కూడా వెంట్రుకవాసి జారలేదు. ఆమె లేచి, చట్రాన్ని అలాగే పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఐసు ఫ్యాక్టరీకి నడిచింది. అల్లుడు చెప్పినదంతా డాక్టరమ్మకు తనే చెప్పింది, తన నోటితో, ఒక్క ముక్క దాచకుండా.

డాక్టరమ్మ సర్దిన పెట్టెల్లోంచి భూతద్దం బయటికి తీసింది. చాలాసేపు చూసి, పక్కకు జరిగి పెద్దమ్మకు చోటిచ్చింది.

ముడికి ఇటూ అటూ కాడ ఉబ్బి ఉంది. మధ్యలో, దారం ఉన్నచోట, నరం తెగినట్టు సన్నగా నొక్కుకుపోయి ఉంది. ఉబ్బిన వైపు చిన్న వేరు ఒకటి మొదలై, సగంలో ఆగిపోయి ఉంది.

"ఇది నీళ్లకు చచ్చిపోలేదు పెద్దమ్మా" అంది డాక్టరమ్మ మెల్లగా. "పెరగబోయింది. లావెక్కడానికి దారం చోటివ్వలేదు."

పెద్దమ్మ భూతద్దంలోంచి కళ్లు తియ్యకుండానే ఏడ్చింది. తెగి కొట్టుకొచ్చిన ఇంత ముక్క, బోడి ఇసుకమీద, ఇనుముకు కట్టేస్తే కూడా పెరగబోయింది. తన పట్టుతో పోటీపడి పెరగబోయింది. ఆమెకు సిగ్గు వేసింది, దుఃఖం వచ్చింది, ఆ రెండింటికన్నా మించి ఆ ముక్క అంటే భక్తిలాంటిదేదో కలిగింది. నీలి చట్రాల మాట అప్పుడు అడిగింది. వాటికి ముడులు ఎలా ఉన్నాయని. అసలు ముడులే లేవని గుమ్మంలో నిలబడ్డ అల్లుడు చెప్పాడు. రెండు నెలలు తిరక్కుండానే నూలు కుళ్లి జారిపోయిందట. అప్పటికి వేళ్లు ఇసుకను పట్టుకున్నాయట.

డాక్టరమ్మ వేళ్లమీద లెక్కపెట్టింది. వేరు పట్టడానికి నలభై రోజులు. నలభై రోజులు పట్టుకుని, ఆ తర్వాత వదిలెయ్యాలి. అలాంటి ముడి కావాలి.

పెద్దమ్మ ఇంటికి వెళ్లి ఆడపడుచు ఎదురుగా నేలమీద కూర్చుంది. "ఏమే, నీ ముడి నాకు నేర్పు" అంది.

చిన్నమ్మ మొదట ఎగతాళి అనుకుంది. కాదని తెలిసి హడలిపోయింది. "నాకేం వచ్చు వదినా? నేను వేస్తాను, అది ఊడుతుంది, అంతే."

"ఆ ఊడేదే నేర్పు."

ఆ చలికాలమంతా వలల షెడ్డులో జరిగిన పాఠం చూడ్డానికి పనిలేని వాళ్లంతా వచ్చేవాళ్లు. దారం నైలాను కాదు, మెత్తటి నూలు. వేలు దూరేంత సందుంచి ఒక చుట్టు, ఒక మెలిక, అక్కడితో ఆపాలి. ఆపడమే పెద్దమ్మకు రాలేదు. వేళ్లు వాటంతటవే బిగించేవి. నాలుక దానంతటదే బయటికి వచ్చేది. "వదినా, నాలుక" అనేది చిన్నమ్మ. "వదినా, పళ్లు." చలికాలం సగమయ్యేసరికి పెద్దమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరోజు విసుగెత్తి, కుడిచెయ్యి నడుము వెనక కట్టేసుకుని, ఎడమచేత్తో మొదలుపెట్టింది. ఎడమచేతికి తండ్రి ఏమీ నేర్పలేదు. దానికి బకెట్టు తెలియదు. మూడోరోజుకు చిన్నమ్మ ఒక చట్రం ఎత్తి, ఊపి చూసి, తల ఊపింది. ముప్పై ఏళ్లలో ఆ ఇంట్లో తప్పొప్పులు చెప్పే అధికారం చేతులు మారింది అప్పుడే. పెద్దమ్మ ఆ తల ఊపు కోసం పరీక్ష రాసిన పిల్లలా కాచుకుని కూర్చోవడం చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మూడో వేసవిలో ఎనభై చట్రాలు దిగాయి. నలభై రోజులు పెద్దమ్మ గోడమీద బొగ్గుతో గీతలు పెట్టింది. నలభై ఒకటోరోజు పెద్ద గాలి లేచింది. పీపాలు గొలుసులు తెంచుకునేలా ఎగిరాయి. ముడులన్నీ ఈపాటికి ఊడి ఉంటాయి. వేళ్లు పట్టాయో లేదో తెలియదు. జీవితంలో మొదటిసారి ఆమె తన ముడి ఊడాలని కోరుకుంటూ, అది ఊడిందేమోనని భయపడుతూ కిటికీ దగ్గర కూర్చుంది. ఆ గాలి తగ్గాక రెండు వారాలు నీళ్లు బురద బురదగా ఉండిపోయాయి. మునిగినా చెయ్యి చాచిన దూరం కూడా కనబడలేదని అల్లుడు చెప్పాడు. ఈసారి ఆయన కనబడనిది కనబడలేదనే చెప్పాడు.

నీళ్లు తేరుకున్నది కమిటీ వచ్చే రోజుకే.

పట్టపగలు, సముద్రం ఆటు మీద ఉంది. గాలి లేదు. పడవలో రేవు కమిటీ పెద్ద, డాక్టరమ్మ, అల్లుడు ఎక్కారు. డాక్టరమ్మ గట్టువైపు చూసి పెద్దమ్మను రమ్మంది. వలలు నీళ్లలోకి వెళతాయి గానీ తను వెళ్లడమేమిటని పెద్దమ్మ పడవ ఎక్కి ఎరగదు. గట్టున పుట్టి, గట్టున పెరిగి, మోకాలి లోతు దాటని మనిషి. చిన్నమ్మ చెయ్యి పట్టుకుని మరీ ఎక్కింది. ఎవరు ఎవరిని ఎక్కించారో చెప్పడం కష్టం.

పీపాల మధ్య పడవ ఆగింది. డాక్టరమ్మ గాజుపెట్టెను కమిటీ పెద్దకు ఇవ్వబోయింది. ఆయన కూడా మనిషే, పెద్దమ్మ మొహం చూసి, ముందు మీరు చూడండని పక్కకు జరిగాడు. ఆమె పడవ అంచుమీద వంగి, పెట్టెను నీళ్లమీద ఆనించి, దాంట్లో మొహం పెట్టింది.

మొదట ఆమెకు అర్థం కాలేదు. కింద నీళ్లు లేనట్టే ఉంది. అక్కడ ఒక నేల ఉంది, ఆ నేలంతా ఊగుతోంది. పొడవాటి పచ్చటి ఆకులు లక్షలు, అన్నీ ఒకేవైపు వాలి, ఒకేసారి లేచి, మళ్లీ వాలుతున్నాయి. ఎవరో కింద నిద్రపోతూ ఊపిరి తీస్తున్నట్టుగా. మొదటి వేసవి నీలి చట్రాలు ఎక్కడెక్కడ దిగాయో అక్కడ గడ్డి గుబురెక్కి, రెండేళ్లుగా పాకి, ఒకదాన్నొకటి అందుకుంది. వాటి మధ్య ఈ ఏటి నాట్లు, జానెడు ఎత్తున, లేతగా. ఇసుకలోంచి కొత్త పిలకలు వరసకట్టి పైకి వస్తున్నాయి, ఎవరూ నాటనివి. ఎండ తిన్నగా దిగుతోంది. ప్రతి ఆకు కొసనుంచీ సన్నటి బుడగలు పూసల్లా ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. మైదానమంతా లేస్తున్నాయి. ఆ బుడగలు గాలని, మనం పీల్చే గాలేనని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. చెబితే విని తల ఊపింది గానీ, ఇదని పెద్దమ్మ అనుకోలేదు. ఇంతటిది తన నుదుటి కింద రెండు నిలువుల దూరంలో ఉందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఒక ఆకుకు బొటనవేలంత సముద్రపు గుర్రం తోక చుట్టి నిలబడి ఉంది. ఒక్కటే చుట్టు, వదులుగా. ఆకు వాలితే వాలుతోంది, లేస్తే లేస్తోంది. పెద్దమ్మ చూస్తుండగానే తోక విప్పుకుని, రెండు ఆకులు దాటి, ఇంకోదానికి చుట్టుకుంది.

ఆమె కళ్లు అలవాటు కొద్దీ ముడుల కోసం వెతికాయి. చట్రాలు ఇసుకలో పూడిపోయి ఉన్నాయి. ఒకచోట తుప్పుపట్టిన కడ్డీ కొంచెం తేలి ఉంది. దానికి నూలు లేదు, మెలిక లేదు, పోగు కూడా లేదు. కడ్డీ పక్కనుంచి గడ్డి, తనకెవరూ ఎప్పుడూ ఏమీ కట్టనట్టు, ఇసుకలోకి దిగి నిలబడి ఉంది.

ఎంతసేపు చూసిందో తెలియదు. అల్లుడు అత్తగారి వీపునే చూస్తూ కూర్చున్నాడు. చివరికి కమిటీ పెద్ద దగ్గి, ఏం కనిపించిందని అడిగాడు. పెద్దమ్మ తల ఎత్తింది. నుదుటిమీద పెట్టె అంచు ఎర్రగా గుర్తు పడింది, గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి. పెట్టె ఆయన చేతికిచ్చి, తను చిన్నమ్మ భుజం పట్టుకుని కూలబడింది.

ఆయన వంగి చూశాడు. తొందరగా లేవలేదు ఆయన కూడా. లేచాక, పీపాలు ఎక్కడివి అక్కడే ఉంటాయని అల్లుడితో చెప్పాడు. తర్వాత పెద్దమ్మవైపు తిరిగాడు. ఆమె ముడి సంగతి తెలియనివాడు కాదు. ఒకప్పుడు తన సొంత పడవ తాడును కత్తితో కోసుకున్నవాడే.

"అదేంటి పెద్దమ్మా, కింద మీ ముడి ఒక్కటీ కనబడదే?"

పెద్దమ్మ చిన్నమ్మను చూసింది, నవ్వింది, గాడిపడ్డ ఆ పన్ను కనిపించేలా.

"ఒక్కటీ మిగల్లేదండీ" అంది. "అన్నీ ఊడిపోయాయి."